దాలినాయుడి సాక్ష్యం

కార్తీక బహుళ తదియ, గురువారం, మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలు. చింతగెడ్డ కోర్టులో అప్పుడే భోజనాలకి లేచారు. నల్లకోటు విప్పి భుజాన వేసుకుని, కోర్టు వెనక సందులోంచి గురువుగారింటికి విసవిసా నడుస్తున్నాడు భానోజీ. మొహం కందగడ్డలా ఉంది.

గురువుగారంటే కూర్మనాథం పంతులుగారు. ఆ ఊళ్ళో ఆయన దగ్గర ప్లీడరీ నేర్చుకోని వకీలు లేడు. గుండెజబ్బు చేశాక కోర్టు మెట్లెక్కడం మానేసి, కేసులన్నీ ఆఖరి శిష్యుడు భానోజీకి అప్పగించారు. పొద్దున్నే సింహాద్రి అప్పన్నకి తులసిదళాలు వెయ్యడం, తరవాత శిష్యుడు తెచ్చిన కాగితాలు చూడడం. ఆయన లెక్కలో రెండూ ఒకే పూజ.

ఆ రోజు భానోజీ చేతిలో ఉన్నది బొంజుబాబు కేసు.

బొంజుబాబు మన్యం కుర్రాడు. కొండమీద ఏరిన పిప్పళ్ళు అడ్డాకులో పొట్లాలు కట్టి, బుట్టలో పెట్టుకుని, బస్టాండులో సిమెంటు బల్ల మీద కూర్చుని అమ్ముకునేవాడు. ఒకనాడు ఆ బల్ల కింద రెక్సిను సంచి ఒకటి పోలీసులకి దొరికింది. సంచినిండా గంజాయి. నాది కాదు బాబూ అని కాళ్ళు పట్టుకున్నాడు. ఎవరు వింటారు? ఆ తోపులాటలో పిప్పళ్ళ బుట్ట ఎటు పోయిందో కూడా తెలియలేదు.

ఎదుటి లాడ్జీ మేడ మీద కూర్చుని నిఘా వేశాననీ, కుర్రాడు ఆ సంచిలోంచే పొట్లాలు తీసి అమ్మాడనీ హెడ్ కానిస్టేబుల్ దాలినాయుడి సాక్ష్యం. ఆ ఒక్క మాట నిలబడితే పదేళ్ళు. బొంజుబాబు తల్లి చిలకమ్మకి వేరే బిడ్డలు లేరు. మాఘమాసంలో కొడుకుని లోపలేశారు. అప్పటినుంచీ వాయిదా వాయిదాకీ కొండ దిగి వస్తూనే ఉంది.

ఏ గదిలోంచి చూశారో చెప్పం, అది రహస్యం అన్నారు మొదట పోలీసులు. ఎక్కణ్నించి చూశారో తెలియకపోతే ఏం చూశారని అడగడం ఎలాగని పంతులుగారు అర్జీ రాయించారు. జడ్జిగారు ఒప్పుకుని ఆ గది ఏదో చెప్పించారు. భానోజీ అదే గది అద్దెకి తీసుకుని, అదే కిటికీ దగ్గర ఒక పూట కూర్చుని వచ్చాడు. సిమెంటు బల్ల వీపు రోడ్డువైపుకి ఉంది. ఆ వీపు అడ్డం వల్ల కూర్చున్న మనిషి నడుం పైన మాత్రమే కనిపిస్తాడు. కింద సంచీ కనబడదు, బుట్టా కనబడదు.

దొరికాడు అనుకున్నాడు భానోజీ. ఆ ఉత్సాహంలోనే ఆ పొద్దున్న దాలినాయుణ్ని క్రాస్ చెయ్యడానికి లేచాడు. కోర్టు కిక్కిరిసి ఉంది. అంతమంది ముందు ఆ ఉత్సాహంతో లేవడం ఒక తప్పు.

"మీ ఇన్‌స్పెక్టరు నేర్పిన పాఠం బాగానే వల్లించావు, కదూ?" అని మొదలుపెట్టాడు. అది రెండో తప్పు.

దాలినాయుడు ఇరవయ్యేళ్ళ సర్వీసులో లంచం ముట్టని మనిషి. బోనులో నిటారుగా నిలబడ్డాడు. "నేను అబద్ధమాడే మనిషిని కానండి."

"ఆ కిటికీలోంచి సంచి కనబడదు. నేను కూర్చుని చూశాను."

"మీకు కనబడలేదేమో. నాకు కనబడింది."

"అబద్ధం!"

"నా పిల్లల మీద ఒట్టు. ఈ కళ్ళతో చూశాను."

భానోజీ గుచ్చినకొద్దీ అతను బిగుసుకుపోయాడు. చివరికి జడ్జిగారే కలం కింద పెట్టి, "వకీలుగారూ, నోరు అదుపులో పెట్టుకోండి. మిగతాది భోజనాలయ్యాక" అని లేచిపోయారు. బెయిలు అర్జీ కూడా ఆ పూటే వినాలి. జడ్జిగారి మొహం చూస్తే వినేలా లేరు.

అదీ భానోజీ కందగడ్డ మొహం వెనకున్న సంగతి.

పంతులుగారింట్లో ఒక పద్ధతి ఉంది. కొండల మీదనుంచి వాయిదాలకొచ్చేవాళ్ళు తెల్లవారకముందు బయల్దేరతారు, ఎప్పుడో రాత్రికి ఇల్లు చేరతారు. వాళ్ళు తమ కక్షిదారులైనా కాకపోయినా, ఎదుటి పక్షంవాళ్ళయినా సరే, మధ్యాహ్నం ఆ ఇంటికి వస్తే ఆకు పొట్లంలో ఏదో ఒకటి పెట్టి పంపుతారు. నరసమాంబగారు కాపురానికొచ్చిన నాడు అత్తగారు అప్పగించిన పని అది. వండడం ఆవిడ వంతు, చేతికివ్వడం ఆయన వంతు. వసారా పిట్టగోడ వెనక చిన్న స్టూలు వేసుకుని కూర్చుని, ఒక్కొక్కరికే అందిస్తారు.

ఆ రోజు పులిహోర. ఇత్తడి గంగాళం ఆయన కాళ్ళ దగ్గర పొగలు కక్కుతోంది. ఇంగువ ఘాటు సందు మొగదలకే తగిలింది. వాకిట్లో నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. అందరికంటే వెనక చిలకమ్మ.

"అబద్ధాలకోరండీ గురువుగారూ, పచ్చి అబద్ధాలకోరు!" అన్నాడు భానోజీ మెట్లెక్కుతూనే. "పిల్లల మీద ఒట్టేసి మరీ ఆడాడు. భోజనాలయ్యాక చూడండి, వాడి తోలు ఒలిచేస్తాను."

లోపల్నుంచి నరసమాంబగారు, "ముందు కాళ్ళు కడుక్కో నాయనా. తోలు తరవాత ఒలుద్దువుగాని" అన్నారు.

వాకిట్లో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. చిలకమ్మ మాత్రం నవ్వలేదు. వకీలుబాబు మొహంలో తన కొడుకు గతి ఎలా ఉందో వెతుక్కుంటోంది.

పంతులుగారు శిష్యుణ్ని ఎగాదిగా చూశారు. "ఇంకో కళ్ళజోడు మేడ మీద కిటికీ దగ్గర మరిచాను భానూ, తెచ్చిపెట్టు. వెంటనే దిగిరాకు. వీళ్ళకి పెట్టడం అయ్యేదాకా అక్కడే కిటికీలోంచి చూస్తూ ఉండు. కాస్త గాలి తగలనీ."

అసలే ఆకలి, ఆపైన కోపం. అయినా గురువు మాట. భానోజీ గంగాళం పక్కనుంచి దాటుకుని లోపలి మెట్లెక్కాడు.

మేడ మీద చల్లగా ఉంది. కిటికీ ఊచలు పట్టుకుని కిందికి చూశాడు. పిట్టగోడ పైన గురువుగారి తెల్లటి తల, భుజాలు, వాటి మీద కండువా. తలపాగా ముసలాయన ముందుకొచ్చాడు. గురువుగారు పక్కకి వంగారు, చెయ్యి కిందికెళ్ళింది, ఆకు పొట్లంతో పైకొచ్చింది. రెండు చేతులా అందించారు. ఆ తరవాత చంటిపిల్లని చంకనేసుకున్న ఆవిడ. మళ్ళీ వంగడం, మళ్ళీ పొట్లం. ఎంత ఓపికో ఆయనకి, గుడిలో తీర్థం ఇచ్చినట్టు ఇస్తారు అనుకున్నాడు. చూస్తూండగా అతని ఊపిరి నెమ్మదించింది.

చిలకమ్మ చివర్న వచ్చింది. దోసిలి పట్టింది. పొట్లం అందుకుని, విప్పకుండా కొంగులో ముడేసుకుంది. సాయంత్రం సబ్‌జైలు దగ్గర జవానుకి చూపించి కొడుక్కి తినిపించాలని కాబోలు.

కళ్ళజోడు తీసుకుని దిగాడు.

"అందరికీ అందిందా?" అని అడిగారు పంతులుగారు, తనకి తెలియనట్టు.

"అందిందండి."

"చిలకమ్మకి ఏం ఇచ్చాను?"

"పులిహోర."

"ఎక్కణ్నించి తీసి ఇచ్చాను?"

భానోజీకి ఈ ప్రశ్నలేమిటో అర్థం కాలేదు. "మీ కాళ్ళ దగ్గర గంగాళంలోంచి."

"చూశావా?"

"చూశానండి. వంగారు, తీశారు, రెండు చేతులా ఇచ్చారు. నేను కిటికీ వదల్లేదు."

"గంగాళంలోంచే?"

"కళ్ళారా చూశాను గురువుగారూ! ఇంగువ వాసన పైదాకా వచ్చింది కూడాను. అప్పన్న సాక్షి."

పంతులుగారు తలుపు వైపు తిరిగి, "ఏమేవ్, గంగాళం ఏది?" అన్నారు.

"ఇక్కడే ఉంది, వంటింట్లో. అతను మెట్లెక్కుతుంటే తీసుకొచ్చేసి, దాని చోట పొద్దున్న కట్టిన పొట్లాల చేట పెట్టాను." నరసమాంబగారు గుమ్మంలోకి వచ్చి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ భానోజీని చూశారు. "నా తప్పేం లేదు నాయనా. ఆయన కళ్ళతో సైగ చేశారు. ఎందుకో నాకు చెప్పలేదు."

ఇందాకటిదాకా స్టూలు అడ్డమైన చోటికి భానోజీ వంగి చూశాడు. గురువుగారి కాళ్ళ దగ్గర గంగాళం లేదు. ఒక చేట ఉంది. చేటలో ఆకు పొట్లాలు రెండు మిగిలి ఉన్నాయి.

"చిలకమ్మా, ఏమీ అనుకోకు. ఆ పొట్లం ఒక్కసారి విప్పమ్మా" అన్నారు పంతులుగారు.

చిలకమ్మ బెరుగ్గా కొంగుముడి విప్పింది. ఆకు తెరిచింది. అటుకులు, బెల్లం.

వాకిట్లో చంటిపిల్ల ఊఁ ఊఁ అంటూ అటుకులు నములుతోంది.

పంతులుగారు కళ్ళజోడు అందుకుని పంచె అంచుతో తుడిచారు. చాలా మెల్లగా, చాలా ప్రేమగా అడిగారు.

"నువ్వు అబద్ధాలకోరువా, భానూ?"

భానోజీ తల వంచుకున్నాడు. ఆయన లోపలికి తిరిగి, "వడ్డించవే. రెండున్నరకి జడ్జిగారు వచ్చేస్తారు. పులిహోర అతనికే అట్టేపెట్టాం కదూ" అన్నారంతే.

ఆ పూట భానోజీ ఏం తిన్నాడో అతనికే తెలియదు. నరసమాంబగారు మారు వడ్డిస్తుంటే వద్దనడం కూడా మరిచిపోయాడు.

భోజనాలయ్యాక కోర్టులో దాలినాయుడు మళ్ళీ బోనెక్కాడు. దెబ్బకి సిద్ధపడ్డవాడిలా దవడ బిగించి ఉన్నాడు. వెనక వరుసలో జూనియర్లు తోలు ఒలవడం చూద్దామని సర్దుకు కూర్చున్నారు.

భానోజీ లేచి, "నాయుడుగారూ, పొద్దున్న దురుసుగా మాట్లాడాను. మన్నించండి" అన్నాడు.

జడ్జిగారు కళ్ళద్దాల పైనుంచి చూశారు.

"లాడ్జీ మెట్లెక్కే ముందు మీరు బస్టాండులోంచే నడిచి వచ్చారా?"

"వచ్చానండి."

"అప్పుడు సంచి చూశారు."

"చూశాను. బల్ల కింద, కుర్రాడి కాళ్ళ పక్కన."

"అవును, అక్కడే ఉంది. పక్కన బుట్టేమైనా చూశారా?"

దాలినాయుడు ఆలోచించాడు. "ఏదో బుట్ట ఉన్నట్టే ఉందండి. కొండవాళ్ళ దగ్గర బుట్టలు ఉంటాయి కదా. పట్టించుకోలేదు."

"పరవాలేదు. ఇప్పుడు మీరు కిటికీ దగ్గర కూర్చున్నారు. ఏం కనబడిందో మెల్లగా చెప్పండి. నాకు తొందర లేదు."

"ఎవరో వచ్చి అడిగేవారు. కుర్రాడు పక్కకి వంగేవాడు. చెయ్యి కిందికెళ్ళేది. పొట్లంతో పైకొచ్చేది. ఇచ్చేవాడు."

"చెయ్యి కిందున్నంతసేపూ ఎక్కడుంది నాయుడుగారూ?"

"సంచి..." అని ఆగిపోయాడు.

ప్రభుత్వ వకీలు లేవబోతే జడ్జిగారు చేత్తో వారించారు. దాలినాయుడు తన కుడిచెయ్యి చూసుకున్నాడు. బోను కమ్మీ వెనక్కి ఆ చేతిని మెల్లగా దించాడు. చెక్క అడ్డం వచ్చి, చెయ్యి అందరికీ మరుగైంది. నుదుటి మీద చెమట పట్టింది.

ఆ క్షణంలో భానోజీకి ఆ మనిషి మీద ఎక్కడలేని జాలి కలిగింది. బల్ల వీపు మాట ఎత్తలేదు. కాచుకున్నాడు.

"అయ్యా," అన్నాడు దాలినాయుడు జడ్జిగారి వైపు తిరిగి, "కింద చెయ్యి నాకు కనబడలేదండి. సంచి అక్కడుందని తెలుసు. సంచిలోంచే తీస్తున్నాడనుకున్నాను. ఇన్నాళ్ళూ చూశాననే అనుకున్నానండి. అబద్ధమాడలేదు."

"నాకు తెలుసు" అన్నాడు భానోజీ. క్రాస్‌లో అలా అనకూడదు. జడ్జిగారు వినీ విననట్టు ఊరుకున్నారు.

అడగడానికి ఇంకా చాలానే ఉన్నాయి. పొద్దున్నైతే అన్నీ అడిగేవాడే. చేతులు జోడించి కూర్చున్నాడు.

సాయంత్రం నాలుగింటికి బెయిలు ఇచ్చారు. ఊరివాళ్ళిద్దరు జామీను ఉండడానికి సిద్ధంగానే వచ్చి ఉన్నారు. సబ్‌జైలు కోర్టు వెనకే. దీపాలు పెట్టే వేళకి బొంజుబాబు గేటు దాటి వచ్చాడు. కేసు కూడా ఆ తరవాత కొట్టేశారు, అది వేరే సంగతి.

చిలకమ్మ ఏడవలేదు. కొడుకు బుగ్గలు, భుజాలు, మోచేతులు తడిమి తడిమి చూసుకుంది, సంతలో మేకపిల్లని చూసుకున్నట్టు. వాడు అడిగిన మొదటి మాట, "పిప్పళ్ళ బుట్ట దొరికిందేటమ్మా?"

"నువ్వు దొరికావు సాలు" అంది.

కొండమీదికి వెళ్ళే ఆఖరి బస్సు దాటిపోయింది. ఇద్దర్నీ వెంటబెట్టుకుని భానోజీ గురువుగారింటికి తీసుకొచ్చాడు. పంతులుగారు సంధ్య వార్చుకుని వసారాలో కూర్చుని ఉన్నారు.

"గెలిచావా?"

"నేను కాదండి. దాలినాయుడుగారు నిజం చెప్పారు."

పంతులుగారి మొహం విప్పారింది. శిష్యుడి వీపు మీద చెయ్యి వేశారు. కొంచెంసేపటికి ఆ వెలుగు తగ్గి, వీధి వైపు చూస్తూ అన్నారు. "ఆ చెప్పినాయన ఇవాళ ఒక్కడూ ఇంటికి వెళ్ళి ఉంటాడు."

మర్నాడు చవితి, శుక్రవారం. తెల్లారేసరికే పెరట్లో కాగు కింద మంట వేశారు నరసమాంబగారు. కుంకుడుకాయలు కొట్టి పులుసు తీశారు. "జైలు నుంచొచ్చిన బిడ్డకి తలంటి దిష్టి తియ్యకుండా కొండెక్కనిస్తానా?" అని బొంజుబాబుని కూర్చోబెట్టి, వాడు సిగ్గుతో ముడుచుకుపోతుంటే, చిలకమ్మ చేత తలకి నూనె పెట్టించారు. తల మురికి మూడు చెంబులకి గానీ దిగలేదు. పంతులుగారి పాత పంచె ఒకటి కట్టబెట్టారు. వాకిట్లో ముగ్గు మీద పీట వేశారు. పళ్ళెంలో పసుపూ సున్నం కలిపి ఎర్రనీళ్ళు చేసి, తమలపాకు మీద కర్పూరం పెట్టి, "తల్లివి, నువ్వే తియ్యమ్మా" అని చిలకమ్మ చేతికిచ్చారు.

కర్పూరం వెలిగిస్తుండగా వీధిలో సైకిలు ఆగింది.

దాలినాయుడు. ఒంటిమీద యూనిఫారం లేదు. ఉతికిన తెల్ల చొక్కా, కళ్ళు మాత్రం నిద్ర లేనట్టు ఎర్రగా ఉన్నాయి. గేటు తియ్యకుండా బయటే నిలబడ్డాడు.

భానోజీ ఎదురు వెళ్ళాడు. "రండి నాయుడుగారూ."

"వద్దు బాబూ. నిన్నటి సాక్ష్యం విని స్టేషన్లో నాకిక పని లేదన్నారు, హెడ్డాఫీసుకి పొమ్మన్నారు. పదిగంటల బస్సుకి పోతున్నాను. పోయేముందు ఆ కుర్రాణ్ని ఒక్కసారి చూసి పోదామని." గొంతు తగ్గించాడు. "నా మాట మీదే కదండీ ఇన్నాళ్ళూ లోపలున్నాడు."

ఆ గొంతు వినేసరికి పీట మీద బొంజుబాబు బిగుసుకుపోయాడు. లేచి పారిపోతాడేమో అన్నట్టు చూశాడు. చిలకమ్మ తిప్పబోతున్న పళ్ళెం ఆపేసింది. ఆవిడ గేటు వైపే చూస్తోంది. కళ్ళలో ఏముందో ఎవరూ చదవలేకపోయారు.

ఏం చెయ్యాలో తోచక భానోజీ వసారా వైపు తిరిగాడు. పంతులుగారు స్తోత్రం చదువుకుంటూ, ఏమీ చూడనట్టు తులసికోటకేసి చూస్తున్నారు.

భానోజీ ఇంట్లోకి వెళ్ళాడు. వంటింటి గోడకి ఆనించి ఉన్న రెండో పీట తెచ్చాడు. ముగ్గు మీద, బొంజుబాబు పక్కన వేశాడు. వేసి, దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

చిలకమ్మ ఆ పీటని చూసింది. పక్కనున్న కొడుకుని చూసింది. గేటు దగ్గర తల దించుకున్న మనిషిని చూసింది.

"రా బాబూ, కర్పూరం అయిపోతంది" అంది. "ఇద్దరికీ కలిపి తీసెత్తాను."

దాలినాయుడు చెప్పులు గేటు బయటే విడిచి వచ్చాడు. పీట మీద, కుర్రాడి మోకాలికి తన మోకాలు తగలకుండా ఒదిగి కూర్చోబోయాడు. పీటలు దగ్గరగా ఉన్నాయి, తగిలింది. బొంజుబాబు జరగలేదు.

చిలకమ్మ పళ్ళెం ఎత్తింది. ఇద్దరి తలల చుట్టూ మెల్లగా తిప్పింది.